మాంసం కొట్టులో వాకబు

ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న మేమంతా ఇంటికి ఫోన్ చేసి ఎన్నెన్ని అబద్ధాలు చెప్పేవాళ్ళమో తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. పెద్ద అబద్ధాలేం కావు. వేళకి నిద్రపోతున్నామనీ, రోజూ వాకింగ్‌కి వెళ్తున్నామనీ, పెరుగన్నం మానలేదనీ. చెప్పేవాడికీ వినేవాళ్ళకీ ఇద్దరికీ హాయిగా ఉండే అబద్ధాలు. అయితే నేను చెప్పిన ఒకటి మాత్రం ఫోన్‌లోనే ఉండిపోకుండా తెనాలిలో మా వీధంతా తిరిగి, అక్కడ నలుగురి నోళ్ళలో నాని, చివరికి టెక్సస్‌లో నా అపార్ట్‌మెంట్ తలుపు తట్టింది. ఆ సంగతే చెప్పబోతున్నాను. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

అప్పటికి నాకు ఇరవయ్యేడేళ్ళు. మాస్టర్స్ అయిపోయి, హెచ్‌వన్ వచ్చి, ప్లేనోలో ఒక ఇన్సూరెన్స్ క్లయింట్ దగ్గర టెస్టింగ్ చేస్తుండేవాణ్ణి. రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్‌లో నాతోపాటు వరంగల్ అన్న ఉండేవాడు. (అన్న అన్నది వయసుని బట్టి వచ్చింది కాదు. నాకన్నా ఆర్నెల్లు ముందు అమెరికాలో దిగాడు, అంతే.) వంటలో ఇద్దరం సమానులం. అతనికి పప్పు వచ్చు, నాకు గుడ్లు ఉడకబెట్టడం వచ్చు. నా గుడ్లు అతని పప్పులో వేసుకుని, దానికి రోజుకో పేరు పెట్టుకుని తినేవాళ్ళం. అలా ఉండగా మా ఆఫీసులో ఒకాయన తాజా మేకమాంసం దొరికే చోటు చెప్పాడు. పాత ఊరి వైపు రైలు పట్టాలు దాటాక, బట్టలుతికే లాండ్రీ పక్కన, మెక్సికన్ల మాంసం కొట్టు. బయట బోర్డు మీద రంగు వెలిసిన ఆవు బొమ్మ. లోపల అద్దాల వెనక మాంసం, మాంసం వెనక మీసాలాయన. అంత మీసం మా తెనాలిలో కూడా చూడలేదు నేను. ఆయనకి తెలుగువాళ్ళు కొత్తేం కాదు. మనవాళ్ళెవరైనా వెళ్ళి ఎడం అరచేతి మీద కుడి చేత్తో టకటకా కొట్టి చూపిస్తే చాలు, కూరకి చిన్న ముక్కలు కావాలని ఆయనకి అర్థమైపోయేది. ఆ చప్పుడు ఎలా చెయ్యాలో ఆఫీసాయన దగ్గర నేర్చుకుని మరీ వెళ్ళాను. కానీ నేను మాంసం కొననేలేదు. కొట్టు వెనక నుంచి వాసన వస్తోంది.

వెనక నాలుగు బల్లలు, వాటి మీద పళ్ళ బొమ్మల ప్లాస్టిక్ గుడ్డలు, గోడకో పాత టీవీ, ఆ పక్కన వంటిల్లు. వంటింట్లో మీసాలాయన వాళ్ళమ్మ. అందరూ ఆవిణ్ణి దోన్యా అని పిలిచేవారు. మన ‘గారు’ లాంటి మర్యాద మాట అది. నేను మాత్రం మనసులో మామ్మగారు అనుకునేవాణ్ణి. శని, ఆదివారాల్లో ఆవిడ బిర్రియా అని మేకమాంసం పులుసు చేసేది. ఎండు మిరపకాయలు వేయించి, నానబెట్టి, రుబ్బి, వెల్లుల్లి, లవంగం, దాల్చినచెక్క, జీలకర్ర, కాస్త వెనిగర్ కలిపి మాంసానికి పట్టించి, తెల్లవారకముందే పొయ్యి మీద పెడితే పదింటికల్లా ఎముక నుంచి మాంసం తనంతట తనే విడిపోయేది. పైన ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర, నిమ్మచెక్క, పక్కన వేడివేడి మొక్కజొన్న రొట్టెలు. అంతా కలిపినా ఖరీదు, హైవే పక్కన రంగు లైట్ల రెస్టారెంట్‌లో చిప్స్ మీద చీజు పోసి తీసుకునేంత కూడా ఉండేది కాదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు ఆదివారం మధ్యాహ్నం మా ఇల్లు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఘాటుకి అనుకుని మామ్మగారు మంచినీళ్ళు తెచ్చిపెట్టింది. (ఘాటు అసలు లేదు. ఆ మాట ఆవిడకి చెప్పే భాష నా దగ్గర లేదు.) అన్నంలో కలుపుకుంటే ఎలా ఉంటుందో చూద్దామని ఒక డబ్బా ఇంటికి కట్టించుకున్నాను.

సరిగ్గా అన్నంలో కలుపుకుంటుండగా అమ్మ వీడియో కాల్ చేసింది. అక్కడ పడుకోబోయే వేళ. ఏం తింటున్నావురా అంది. మటన్ కూరమ్మా అన్నాను. నేను వండానని అనలేదు, వండలేదనీ అనలేదు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ప్లేటు కెమెరా దగ్గరికి పెట్టమంది. “రంగు ఎంత బాగా వచ్చిందిరా. నూనె పైకి తేలిందంటే కూర కుదిరినట్టే” అని నాన్నగారిని కూడా పిలిచి చూపించింది. ఆ మురిపెం చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఇక ప్రతి ఆదివారం ఇదే వరస. కొట్టుకి వెళ్ళడం, డబ్బా తేవడం, అమ్మకి చూపించడం. వారం వారం అమ్మ ప్రశ్నలు పెరిగాయి, నా జవాబులూ పెరిగాయి. రాత్రే పెరుగులో నానబెట్టానన్నాను. మసాలా ఇంట్లోనే కొట్టానన్నాను. ఒకసారి ఏ ధైర్యంతోనో, ముక్క ఉడకాలంటే ఉప్పు ఎప్పుడు వెయ్యాలో అమ్మకే చెప్పాను. ఆరు నెలలు తిరిగేసరికి మా వీధిలో నా ఉద్యోగం కన్నా నా మటన్ కూరకే ఎక్కువ పేరొచ్చింది.

అప్పుడు వచ్చింది సంబంధం. అమ్మాయి డాలస్‌లో ఒక హాస్పిటల్‌లో డేటా ఎనలిస్ట్. మాకు ఇరవై నిమిషాల దూరంలో వాళ్ళ బాబాయ్ ఇంట్లో ఉంటుంది. వాళ్ళమ్మగారితో మా అమ్మ ఫోన్‌లో నా చదువు, ఎత్తు, వీసా అన్నీ చెప్పి, చివర్న “మావాడి చేతి మటన్ కూర తింటే మీ అమ్మాయి ఇక వంటింటి వైపు వెళ్ళదండీ” అందట. వాళ్ళకి నచ్చిందీ ఆ చివరి మాటేనట. పాపం అమ్మ అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా ఆడలేదు. తన కళ్ళతో ఆరు నెలలు చూసిందే చెప్పింది.

వాళ్ళ బాబాయ్‌గారు వాకబు చేయడంలో గట్టివాడు. మన పెళ్ళిళ్ళలో అబ్బాయి గురించి నలుగురినీ అడగడం మామూలే గానీ, ఈయన తీరు వేరు. వరంగల్ అన్నకి ఫోన్ చేసి అరగంట మాట్లాడారు. మా ఆఫీసాయన్ని గుళ్ళో పట్టుకున్నారు. ఒక సాయంత్రం మా పార్కింగ్‌లోకి వచ్చి నా కారుకి సొట్టలున్నాయేమో చుట్టూ తిరిగి చూసి వెళ్ళారని తర్వాత తెలిసింది. (ఉన్నాయి. రెండు.) ఇంత చేసి మా నాన్నగారితో, అందరూ మంచివాడనే చెప్తున్నారండీ, చెప్పేవాళ్ళందరూ అతని స్నేహితులే, అంచేత అమ్మాయిని తీసుకుని ఆదివారం వెళ్ళి ఆ కూరేదో నేనే తిని చూస్తాను అన్నారట. పిన్నిగారు అప్పుడు ఇండియాలో ఉన్నారు కాబట్టి వచ్చేది వాళ్ళిద్దరే. విషయం విన్న అన్న నావైపు చాలాసేపు జాలిగా చూసి, “మస్తుగ ఇరుక్కున్నవ్ తమ్మీ. గిప్పుడు గుడ్లు ఉడకబెట్టి పెడ్తవా?” అన్నాడు.

గుడ్లెందుకు, చెయ్యాల్సిందేమిటో నాకు బాగా తెలుసు. ఆదివారం పొద్దున పదింటికి కొట్టుకి వెళ్ళి రెండు పెద్ద డబ్బాలు తెచ్చాను. మాకున్న ఒకే ఒక పెద్ద గిన్నెలోకి వంపి, కరివేపాకు తిరగమోత పెట్టి, పైన చెంచాడు గరం మసాలా చల్లాను. ఖాళీ డబ్బాలు మా చెత్తబుట్టలో వేస్తే బయటపడతానని కాంప్లెక్స్ చివర పెద్ద చెత్తపెట్టె దాకా వెళ్ళి, చుట్టూ చూసి మరీ పడేశాను. ఇల్లంతా వంట చేసిన వాసన ఉండాలని అన్న రెండు ఉల్లిపాయలు కావాలని మాడ్చాడు. ఆ పని మాత్రం నేను చేసినా బాగానే వచ్చేది.

వాళ్ళు వచ్చారు. బాబాయ్‌గారు సోఫాలో కూర్చుని గోడలు, కిటికీలు, షూలు అన్నీ చూస్తున్నారు. నేను ఆ అమ్మాయిని చూడకుండా చూడడానికి తంటాలు పడుతున్నాను. భోజనాల దగ్గర ఇంకో సంగతి బయటపడింది. ఇంట్లో ప్లేట్లు మూడే. మనుషులం నలుగురం. నేను గిన్నె మూత తిరగేసి అందులో వడ్డించుకున్నాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం చూసి, ఏమీ అనకుండా తన ప్లేటు నా ముందుకు జరిపి, ఆ మూత తను తీసుకుంది. మూత అంచు తక్కువ, పులుసు జారిపోతుంటే అన్నంతో గట్టు కట్టుకుని తింటూ తనలో తనే నవ్వుకుంది. నా పని అక్కడే అయిపోయింది. ఈ అమ్మాయి తప్ప ఇంకెవరూ వద్దని ఆ మూత సాక్షిగా అనుకున్నాను. అప్పుడే తను తలెత్తి సూటిగా అడిగింది. “మీకు నిజంగా వంటంటే ఇష్టమా? లేకపోతే పెళ్ళి మాటలు కదా అని ఆంటీ అలా చెప్పారా?”

“ఇష్టమేనండీ” అన్నాను. అమ్మకి చెప్పిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. నోట్లోంచి రాగానే చేదుగా తగిలింది.

బాబాయ్‌గారు రెండుసార్లు వడ్డించుకున్నారు. మూడోసారి వట్టి పులుసు అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకున్నారు. ఆయన నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసేవారని, ఈయన మిరప బస్తాల మీదే ఆడుకుని పెరిగారని నాకు అప్పటికి తెలియదు. మిరపకాయలు ఎక్కడివి బాబూ అన్నారు. అమ్మ పంపిందండీ, గుంటూరువి అన్నాను. ఆయన కళ్ళు తెరిచి, “గుంటూరు మిరపకాయైతే నన్ను ఇంతసేపు ఇలా స్థిమితంగా కూర్చోనివ్వదే” అన్నారు. నేను ఏదో గొణిగాను. ఆయన రెట్టించలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, కూర చాలా బాగుందనీ, వచ్చే ఆదివారం మాంసం తనే తెస్తాననీ, నేను వండుతుంటే పక్కన నిలబడి నేర్చుకుంటాననీ చెప్పి, అమ్మాయిని తీసుకుని వెళ్ళిపోయారు. అది పరీక్షో, నిజంగా నేర్చుకోవాలనో ఆ ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

నిజం చెప్పేయమన్నాడు అన్న. ఎలా చెప్పను? అమ్మ అబద్ధం చెప్పిందేమో అని ఆ అమ్మాయి అంత మర్యాదగా దారి చూపిస్తే, కాదు అని నేను నిలబడి మరీ అబద్ధం ఆడాను. ఇప్పుడు చెప్తే సంబంధం పోతుంది. చెప్పకపోతే ఆదివారం పోతుంది. మిగిలిన దారి ఒక్కటే, వారంలోగా ఆ కూర నేర్చుకోవడం. సోమవారం ఆఫీసు నుంచి తిన్నగా కొట్టుకి వెళ్ళాను. మామ్మగారికి ఇంగ్లీషు రాదు, మీసాలాయనకి వచ్చు. ఆయన మాంసం కొడుతూనే నా కథ విని, నవ్వు ఆపుకుంటూ వాళ్ళమ్మకి వినిపించాడు. ఆవిడ నవ్వలేదు. గరిటె కింద పెట్టి, చేతులు తుడుచుకుని నా ముందు నిలబడి ఏదో అంది.

“నా కూరని నీ కూర అన్నావా అని అడుగుతోంది” అన్నాడు మీసాలాయన.

నాకు తల దించుకోవడం తప్ప దారి లేకపోయింది. నిజం చెప్తున్నాను, ఆ క్షణం దాకా అది నాకు తట్టనే లేదు. నేను అమ్మని మోసం చేశాననుకున్నాను, అమ్మాయిని మోసం చేశాననుకున్నాను గానీ, తెల్లారి లేచి ఆ పొయ్యి దగ్గర నిలబడే మనిషి ఒకరున్నారని ఆలోచించలేదు. మామ్మగారు చెయ్యి చాపింది. డబ్బుకేమో అనుకున్నాను. కాదు, అమ్మాయి ఫొటో చూపించమని. ఫోన్‌లో ఉన్న పెళ్ళి బయోడేటా ఫొటో చూపించాను. ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, నన్ను అంతకన్నా ఎక్కువసేపు చూసి, శనివారం పొద్దున్న ఐదింటికి రమ్మంది.

శనివారం ఐదింటికి వెళ్ళేసరికి నా కోసం ఒక బస్తా ఎండు మిరపకాయలు ఎదురు చూస్తున్నాయి. తొడిమలు తీసి, చీల్చి, గింజలు దులపాలి. మీసాలాయన రబ్బరు గ్లౌజులు ఇచ్చాడు. నేను నవ్వి పక్కన పెట్టేశాను. కారంలో పుట్టి పెరిగినవాళ్ళం, మీ తియ్యటి మిరపకాయలకి గ్లౌజులా అని ఇంగ్లీషులో పెద్ద ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆయన అది వాళ్ళమ్మకి చెప్పాడు. ఆవిడ భుజాలెగరేసి, బస్తా అడుగు నుంచి సన్నటి చిన్న మిరపకాయలు ఓ గుప్పెడు తీసి నా కుప్పలో కలిపింది. పావుగంట తర్వాత నేను చెయ్యకూడని పని చేశాను. కన్ను నలుపుకున్నాను. మిర్చికి పేరున్న జిల్లా పరువు ఆ వంటింట్లో నా బుగ్గల మీదుగా ధారలు కట్టి కారిపోయింది. పాలలో ముంచిన గుడ్డ కళ్ళ మీద వేసి, నన్ను ఉల్లిపాయల బస్తా మీద కూర్చోబెట్టారు. మామ్మగారు అప్పుడు నవ్వింది, సోమవారం దాచుకున్న నవ్వంతా కలిపి నవ్వింది. పది నిమిషాల తర్వాత గుడ్డ తీసేసి, గ్లౌజులు తొడుక్కుని, మిగిలిన బస్తా పూర్తి చేశాను.

అసలు కష్టం ఆ తర్వాత. ఆ మిరపకాయల్ని పెనం మీద వేయించడమంటే, వేసీ వెయ్యగానే తీసెయ్యడం. రంగు మారకముందే, వాసన రాగానే తియ్యాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే చేదు. నేను మొదటి వాయి మాడ్చాను. ఆవిడ చెత్తబుట్టలో పారేసి, మళ్ళీ వెయ్యమంది. రెండోదీ మాడింది. మూడోదీ అంతే. (ఇంట్లో పొగ అలారమే మాకు వంట అయిందని చెప్పేది. వాసన చూసి దించే అలవాటు నా ముక్కుకి లేదు.) నాలుగో వాయి సగమే మాడింది. దాంతోనే చిన్న గిన్నెలో కూర చేయించింది. మధ్యాహ్నం రుచి చూసి, కొడుకు వైపు తిరిగి ఒకే ఒక్క మాట అంది. ఆ మాట ఇంగ్లీషులోకి మార్చడానికి మీసాలాయన ఒప్పుకోలేదు.

ఆదివారం వచ్చింది. తలుపు తీస్తే బాబాయ్‌గారు, వెనక ఆ అమ్మాయి. ఆయన చేతిలో తెల్ల కాగితం పొట్లం, దాని మీద ఆవు బొమ్మ ముద్ర.  ఆయన మాంసం ఎక్కడ కొంటారన్నది వారమంతా నేను ఆలోచించనే లేదు. మామూలుగా వాళ్ళ ఊళ్ళోనే కొంటారట. ఈసారి మా ఇంటికి దగ్గర్లో మంచిది ఎక్కడ దొరుకుతుందని వరంగల్ అన్నని అడిగారు. అన్న అడ్రస్ చెప్పేశాడు. (ఎందుకు చెప్పావని తర్వాత అడిగితే, “పెద్దమనిషి అడ్రస్ అడిగితే చెప్పకుంట ఎట్లుంట మరి” అన్నాడు. అతనికి అబద్ధం ఆడటం రాదు, ఆ లోటు మా ఇంట్లో నేను తీర్చేవాణ్ణి.)

అమ్మాయి బాల్కనీలోకి వెళ్ళి పిన్నిగారితో ఫోన్‌లో మాట్లాడుతోంది. అన్న ఎందుకైనా మంచిదని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. బాబాయ్‌గారు పొట్లం కిచెన్ గట్టు మీద పెట్టి, సంచిలోంచి ఇంకొకటి తీశారు. నాకు బాగా తెలిసిన డబ్బా. ఇంకా వెచ్చగా ఉంది.

“నిన్న సాయంత్రం ముక్కలు కొట్టేలోపు వాసన లాగితే వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. ఒక్క ముద్దకే అది ఎవరి కూరో తెలిసిపోయింది” అన్నారు గొంతు తగ్గించి. “ఇవాళ పొద్దున మళ్ళీ వెళ్తే ఆవిడ ఇది ఇచ్చింది. నువ్వు మాడుస్తావని ఆవిడకి అనుమానం.”

నేను డబ్బా చేతిలోకి తీసుకున్నాను. ఆయన నా ముఖంలోకి చూస్తూ, ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది అన్నారు. “కళ్ళు అలా మండిపోతున్నా లేచి వెళ్ళలేదట నువ్వు. మొదలుపెట్టిన పని వదిలిపెట్టే మనిషి కాదంది. నేను ఇంతమందిని వాకబు చేశాను గానీ, నీ గురించి ఇలాంటి మాట ఎవరూ చెప్పలేదు. కావాలంటే ఈ డబ్బా వడ్డించు, నేనేమీ అనను. ఆ పిల్లకి చెప్పాల్సింది నువ్వు, నేను కాదు.” అని సోఫాలోకి వెళ్ళి పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు.

డబ్బా ఫ్రిజ్‌లో పెట్టేశాను. మామ్మగారు శనివారం ఇచ్చి పంపిన మిరపకాయలు తీసి వేయించాను. మాడ్చాను. ఇంక అవే వేసి రెండు గంటలు ఉడికించాను. నలుగురం కూర్చున్నాక (ఈసారి ప్లేట్లు కొన్నాను, నాలుగు) వడ్డించి, నిలబడే చెప్పేశాను. పోయిన వారం తిన్నది నాది కాదనీ, మాంసం కొట్టులో మామ్మగారిదనీ, వంటంటే ఇష్టమని తనకి చెప్పింది అబద్ధమనీ, నాకు వచ్చిందల్లా గుడ్లు ఉడకబెట్టడమేననీ, ఈ కూర మాత్రం మొత్తం నేనే చేశాననీ. చెప్తున్నంతసేపూ తన ముఖం చూసే ధైర్యం లేక కూర వైపే చూస్తున్నాను. కూర కూడా చూడదగ్గట్టు లేదు.

ఆ అమ్మాయి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. మంచినీళ్ళు తాగింది. “బాగా మాడింది” అంది. ప్లేటు కొంచెం పక్కకి జరిపి, “ఇది మీరే చేశారని మాత్రం నమ్మకం కుదిరింది” అంది. తర్వాత బాబాయ్‌గారి వైపు తిరిగి ఆ కొట్టు ఎక్కడుందని అడిగింది. ఆయన లేచి వెళ్ళి ఫ్రిజ్ తెరిచారు. ఆ పూట నలుగురం డబ్బా కూరే తిన్నాం. నా కూర నేనొక్కణ్ణే రెండ్రోజులు తిన్నాను. ఖాళీ డబ్బాని తను శుభ్రంగా కడిగి తీసుకెళ్ళింది, పారెయ్యడానికేమో అనుకున్నాను. తర్వాతి శనివారం దాన్నిండా పులిహోర నింపి, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదండీ అంటూ నన్ను వెంటబెట్టుకుని మామ్మగారికి ఇచ్చింది. మామ్మగారు ఆ పచ్చటి అన్నాన్ని వాసన చూసి, కరివేపాకు తీసి నమిలి, తన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. నన్ను బయటే కూర్చోమంది.

పధ్నాలుగేళ్ళయింది. ఆ అమ్మాయి ఇప్పుడు మా ఆవిడ. బిర్రియా తనకి వచ్చింది, నాకు రాలేదు. మా పాప అయితే నేను పొయ్యి దగ్గరికి వెళ్ళగానే “నాన్నా, ఈసారి మాడ్చకు, ఓకే?” అని తన అమెరికా తెలుగులో హెచ్చరించి కిటికీలు తెరుస్తుంది. మొన్నీమధ్య ఎవరో పెద్దాయన ఫోన్ చేసి, మా ఆఫీసులో ఒక కుర్రాడి గురించి వాకబు చేశారు. పని బాగా చేస్తాడండీ అన్నాను. పని సంగతి కాదండీ, మనిషి ఎలాంటివాడు అన్నారు. నాకు తెలియదు. కనుక్కుని చెప్తానన్నాను. ఆ శనివారం కొట్టులో మీసాలాయనతో (మీసం నెరిసింది, సైజు తగ్గలేదు) నవ్వులాటకి, ఇలాంటి విషయాలు మీ అమ్మనే అడగాలి, ఆ రోజు మా బాబాయ్‌గారితో నా గురించి ఎంత మంచి మాట చెప్పింది అని ఆ మాట మొత్తం అప్పజెప్పాను. ఆయన విని కాస్త తికమకపడి, కౌంటర్ పక్కన కుర్చీలో కూర్చున్న వాళ్ళమ్మని అడిగాడు. మామ్మగారికి ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు, నవ్వు మాత్రం అలాగే ఉంది. చాలాసేపు నవ్వింది.

“అమ్మ అలా అనలేదట. ఆ పెద్దమనిషితో తను అన్నది ఒక్కటే. ఈ అబ్బాయికి వంట రాదు, ఇక ముందు కూడా రాదు, ఆ పిల్లకి ముందే చెప్పెయ్యండి అని” అన్నాడు మీసాలాయన.

పార్కింగ్‌లో కారు దగ్గర నిలబడి బాబాయ్‌గారికి ఫోన్ చేశాను. రిటైరై, పెరట్లో మిరప మొక్కలు పెంచుకుంటున్నారు. ఆవిడ అలా అనలేదటగా బాబాయ్ అన్నాను. 

“ఆవిడ అనలేదు. నువ్వు కన్ను నలుపుకున్న సంగతి శనివారమే ఆ మీసాలాయన చెప్పాడు. ఆదివారం నువ్వు తలుపు తీసినప్పుడు కూడా నీ కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. మొదలుపెట్టిన పని వదలవన్న మాట మాత్రం నాదే.”

మరి ఆవిడ అన్నట్టు ఎందుకు చెప్పారని అడిగాను. “నేను మెచ్చుకున్నానంటే గండం గడిచిందనుకుని ఆ డబ్బానే వడ్డించేవాడివి. ఆవిడ మెచ్చుకుందనేసరికి సిగ్గుపడి నిజం చెప్పావు” అని, మొక్కలకి నీళ్ళు పెట్టాలంటూ ఫోన్ పెట్టేశారు. పధ్నాలుగేళ్ళుగా నా గురించి నేను దాచుకున్న ఒకే ఒక్క మంచి మాట, పెళ్ళి మాటల్లో కలిపిన మసాలా అని అప్పుడు తెలిసింది. ఎందుకో ఏమాత్రం బాధ కలగలేదు. ఆ డబ్బా వెచ్చదనం మళ్ళీ చేతికి తగిలినట్టనిపించి, కారెక్కకుండా కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇంటికి వచ్చి ఆ పెద్దాయనకి ఫోన్ చేశాను. అబ్బాయిని ఒకరోజు మీ ఇంటికి పిలిచి, ఎండు మిరపకాయలు ఒలవమని చెప్పండి, గ్లౌజులు ఇవ్వకండి, తర్వాత కళ్ళు చూడండి అన్నాను. ఆయన గబగబా థాంక్స్ చెప్పి పెట్టేశారు. ముందు నా గురించి ఇంకెవరినైనా వాకబు చెయ్యాల్సిందని అనుకుని ఉంటారు.